అతిథులొస్తే ఆగిపోయే మిషను

క్రిందటి వారం మనం కాత్యాయనిని సింగపూరులోని బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో, హాలు మధ్య నేలమీద కూలబడి ఉండగా వదిలేసి వచ్చాం. ఒళ్ళో చిరిగిన చీర. ఎదురుగా ఆగిపోయిన మిషను. ఆ చీర ప్రభావతిగారి తల్లిది. తల్లి పోయాక ఆవిడ కట్టిన చీరలన్నీ కలిపి ఒక బొంతగా కుట్టిపెట్టమని ప్రభావతి ఏరికోరి కాత్యాయనికి అప్పగించింది. కుడుతుండగా మిషను ఫుట్ వెంకటగిరి చీర జరీ అంచుకు తగులుకుని జానెడు మేర చీల్చేసింది. ప్రభావతి అప్పుడు పక్కనే ఉంది. తిట్టలేదు, అరవలేదు. చిరిగినచోట వేలితో ఒకసారి తడిమి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నాలుగు మాటలు అన్నా బాగుండేదని కాత్యాయని వారమంతా కుమిలిపోయింది.

ఈ మిషను మన ఊళ్ళో దర్జీలు తొక్కే మిషను కాదు. అక్కడ మిషను కూర్చుంటుంది, గుడ్డ కదులుతుంది. బొంతలు కుట్టే ఈ లాంగ్‌ఆర్మ్ మిషనులో గుడ్డ మగ్గం మీద నేతలా రెండు దూలాల మధ్య బిగుసుకుని ఉంటుంది. మిషనే పట్టాల మీద చక్రాలేసుకుని దాని మీదుగా అటూ ఇటూ తిరుగుతుంది. సూది పక్కనే ఒక ఉక్కు కడ్డీ, కడ్డీ కొసన ఫుట్. సూది దిగినప్పుడు ఫుట్ కూడా దిగి గుడ్డను అలా అదిమిపట్టాలి. సూది లేవగానే తనూ లేచి దారి ఇవ్వాలి. రోకలిపోటులా ఆ లయ తప్పకూడదు. లేవకపోతే గుడ్డ చిరుగుతుంది, దిగకపోతే కుట్టు పడదు.

ఎవరో తెల్లదొరసాని ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ అమ్మేసిన పాత మిషను అది. అది ఇంట్లోకి వచ్చిన రోజున సోఫా బయటికి పోయింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం చేసీ చేసీ విసిగి మానేసిన కాత్యాయనికి, ఆ మిషను ముందు నిలబడితే తన చేతులు తనవిలా అనిపించాయి. ఆ చేతులే ఒక తల్లి చీరను చింపాయి.

అందుకే అమెరికా నుంచి కొత్త కడ్డీ, కొత్త ఫుట్ తెప్పించింది. పాత ఫుట్ కడ్డీతో ఏకంగా ఉండేది, మార్చడానికి వీల్లేదు, పైగా అంచు పదును. కొత్తది చిన్న మూకుడులా అంచులు పైకి తిరిగి ఉంది. జరీ వచ్చినా, అతుకు వచ్చినా తగులుకోకుండా పైకెక్కి జారిపోతుందట. శుక్రవారం మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని పాత కడ్డీ లాగేసి, కొత్తది దూర్చి, సూది ఫుట్ కంతకు నడిమధ్య దిగేలా తిప్పి బిగించింది. సూది అట్టడుగున ఉన్నప్పుడు ఫుట్‌కీ గుడ్డకీ మధ్య ఒక అట్టముక్క దూరేంత సందు ఉండాలని దాంతోపాటు వచ్చిన కాగితంలో రాసుంది. మొగుడి విజిటింగ్ కార్డు పెట్టి చూసుకుంది. 'సీనియర్ ప్రాజెక్ట్ మేనేజర్' అన్న ఆ కార్డు ఆ ఇంట్లో ఒక పనికి రావడం అదే మొదలు.

ఒక పాత దుప్పటి మీద నడిపి చూస్తే మిషను పాలు తాగిన దూడలా బుద్ధిగా పరుగెత్తింది.

"రేపు ప్రభావతిగారి ముందు కూడా ఇలాగే నడిస్తే నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు సాయంత్రం ఇంటికొచ్చి చూసిన మొగుడు రంగనాథ్. అతని కంపెనీ హైదరాబాదు నుంచి కుర్రాళ్ళను విమానాల్లో దించుతున్న రోజులవి. వాళ్ళకు ఇళ్ళు చూపించడం కూడా అతని పనే. ఇంట్లో మాత్రం తను కూర్చోవడానికి చోటు లేదు. "నడవకపోతే మాత్రం దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం కాతీ. నువ్వు వారం నుంచి అన్నం సరిగ్గా తినటం లేదు. నాకు మిషను కన్నా నువ్వు ముఖ్యం, నీ తర్వాత సోఫా ముఖ్యం."

కాత్యాయని నవ్వలేదు. "రేపు గనక ఇంకో చీరకి గాటు పడితే మీరు చెప్పక్కర్లేదు. నేనే వదిలేస్తాను," అంది. వదిలేస్తే మళ్ళీ ఏ ఆఫీసులోనో నీలంరంగు కార్డు మెళ్ళో వేసుకుని, ఎవరో రాసిన ప్రోగ్రాములో ఎవరో చేసిన తప్పులు వెతకాలి.

శనివారం సాయంత్రం ప్రభావతి వచ్చింది. సెరంగూన్‌లో ఉంటుంది, నెల్లూరు మనిషి. సింగపూరు వచ్చి చాలా ఏళ్ళయింది కాబట్టి ఆవిడ మాటలో నెల్లూరు, అరవం, మలయ్ కలిసిపోయి ఉంటాయి, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' కూడా. చేతిలో పాండాన్ ఆకు వాసన వేసే పచ్చటి తీపిముక్కల పొట్లం. చీర చిరిగిన ఇంటికి కూడా వట్టి చేతులతో రాకూడదనుకునే మనిషి.

"మకాన్ అయిందా అమ్మాయ్?" అంది గుమ్మంలో, భోజనానికి మలయ్ మాట వాడేస్తూ. మొహంలో నవ్వుంది గానీ కళ్ళలోకి రాలేదు.

"అయింది ఆంటీ. రండి."

కాత్యాయని అత్తగారు నూకాలమ్మ హడావిడిగా లోపల్నుంచి వచ్చింది. కోనసీమ మనిషి. ఇంటికి మనిషొస్తే ఆవిడకి పండగ. "రండి వదినగారూ, ఆయ్, ఇలా ఫ్యాను కింద కాదండీ, చెమటలు పట్టేశాయి మీకు," అంటూ కిటికీలు మూసి, ఏసీ వేసి, దాచిపెట్టిన గాజు కప్పులు దించింది. ఎదురు కిటికీలోంచి ఎల్‌ఆర్‌టీ రైలుబండి కనిపించి, ఫ్లాట్ల దగ్గరకు రాగానే ఎవరూ ఇళ్ళలోకి తొంగిచూడకుండా అద్దాలు మసకేసుకుని వెళ్ళిపోయింది. టీ తాగారు. పిల్లల చదువులయ్యాయి, ఎండలయ్యాయి. ఇక మిషను తప్ప మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు.

కాత్యాయని లేచింది. దూలాల మధ్య ప్రభావతి తల్లి చీరలు ముక్కలు ముక్కలుగా అతుక్కుని బిగుసుకుని ఉన్నాయి. వంగపండు రంగు, కనకాంబరం, నల్లంచు తెలుపు. చిరిగినచోటును వారం కూర్చుని చేత్తో నేసినట్టు కలిపింది. ప్రభావతి దాన్ని చూసింది.

"కొత్త ఫుట్ వేశానాంటీ. ఇది తగులుకోదు," అని స్విచ్ నొక్కింది.

మిషను ఒకసారి గుర్రుమంది. సూది దిగింది, లేచింది. ఫుట్ లేచింది. లేచిన ఫుట్ దిగలేదు. దంచడానికి ఎత్తిన రోకలి గాల్లోనే నిలబడిపోయినట్టు ఉండిపోయింది. కింద దారం చిక్కుపడి ఉండ కట్టింది. కాత్యాయని చటుక్కున ఆపేసింది. మళ్ళీ నొక్కింది. ఫుట్ ఈసారి బద్ధకంగా సగం దిగి, అక్కడే ఆగింది.

లోపలి గదిలో ఫోనులో మాట్లాడుతున్న రంగనాథ్ గొంతు కూడా ఆగింది. తలుపు సందులోంచి ఒక కన్ను కనిపించింది.

"నిన్న బాగా నడిచింది ఆంటీ, ఒట్టు," అంది కాత్యాయని. తన గొంతు తనకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"నడిచే ఉంటుందిలే అమ్మా."

నూకాలమ్మ కప్పులు టకటకా బల్లమీద పెట్టేసింది. "నేను చెప్తూనే ఉన్నా. దీనికి దిష్టి! ఉగాదికి ఆడవాళ్ళొచ్చినప్పుడు ఆగిందా? ఆగింది. మా వాడి మేనేజరు పెళ్ళాం వచ్చినప్పుడు మూలిగిందా? మూలిగింది. మనమే ఉన్నప్పుడు ఒక్కనాడు ఆగలేదు. నాలుగు ఎండుమిరపకాయలు, గుప్పెడు ఉప్పు తెస్తాను ఉండు."

"అత్తయ్యా!"

అప్పటికే ఆలస్యమైంది. ప్రభావతి కప్పు కింద పెట్టింది. "అంటే ఏంది వదినా, నా కన్ను మంచిది కాదనా?"

"అయ్యో, మిమ్మల్ని కాదండీ..."

"ఇంట్లో ఉండే పరాయి మనిషిని నేనొక్కదాన్నే గదా. క్రిందటి వారం నేనుండంగానే చినిగింది. ఈ వారం నేను రాంగానే నిలిచిపోయింది. నా కన్ను పడే మా అమ్మ చీర చినిగిందనేగా మీ మాట?" వారంపాటు దాచుకున్నదంతా ఆ మాటలో ఉంది. "అమ్మాయ్, నేను నిన్నేమీ అనలేదు. అనను గూడా. కానీ ఆ గుడ్డ దించేసి నాకిచ్చెయ్. ఉన్నకాడికి మూటగట్టుకోని పోతాను. బొంతా వద్దు, ఏమీ వద్దు లా."

కాత్యాయని దించేయడానికే చెయ్యి చాచింది. దూలం పక్క గొళ్ళెం మీద చెయ్యి పడింది కూడా. కానీ అత్తగారి మాట చెవిలో ముల్లులా గుచ్చుకుని కదలడం లేదు. మనమే ఉన్నప్పుడు ఒక్కనాడు ఆగలేదు.

టెస్టింగ్ చేసినన్నాళ్ళూ కాత్యాయని తిన్న అన్నమంతా ఆ ఒక్క ప్రశ్నదే. ఒకసారి నడిచింది ఇంకోసారి నడవలేదంటే, ఈ రెండిటికీ మధ్య మారిందేమిటి? నిజమే, మనుషులొస్తేనే ఆగుతోంది. మిషనుకు కళ్ళు లేవు, సిగ్గు లేదు. మరి మనుషులొస్తే ఈ ఇంట్లో ఏం మారుతుంది?

"ఆంటీ, ఒక్క నిమిషం కూర్చోండి. మీకు దణ్ణం పెడతాను, కూర్చోండి. అత్తయ్యా, మిరపకాయలు అక్కడ పెట్టి ఇటు రండి. మనింటికి ఎవరైనా వస్తే మనం ఏం చేస్తాం?"

"ఏం చేస్తామే? కూర్చోమంటాం."

"ఇంకా?"

"టీ పెడతాం. గాజు కప్పులు తీస్తాం. నీ కూతుర్ని ఇంగ్లీషు ఆపి నమస్కారం పెట్టమంటాం. అది పెట్టదు."

"ఇంకా?"

"ఇంకేముందీ? ఏసీ వేస్తాం."

రంగనాథ్ కరెంటు బిల్లుకి భయపడి హాల్లో ఏసీ బిగించిన నాటినుంచి దాన్ని చుట్టాలకే అంకితం చేశాడు. ఇంట్లోవాళ్ళకు ఫ్యాను. కాత్యాయని మిషను దగ్గరకు వెళ్ళి కడ్డీ పైన వేలు పెట్టింది. ఉక్కు చల్లగా ఉంది. కడ్డీ దూరే కంత చుట్టూ ఏదో తెల్లగా మైనంలా పేరుకుని ఉంది. గోటితో గీరింది. వాసన చూసింది.

ఆ వాసనకి ముక్కుతో పాటు ఒళ్ళంతా గుర్తుపట్టింది. ధనుర్మాసం పొద్దుటి పూట, బడికి వేళవుతుంటే, సీసాలో రాయిలా గడ్డకట్టిన నూనె. అమ్మ ఒక చేత్తో జడపాయలు పట్టుకుని, రెండో చేత్తో సీసాను వేణ్ణీళ్ళ చెంబులో ముంచి, "కదలకే, కరగనీ" అని కసిరేది.

"అత్తయ్యా," అంది కాత్యాయని, నెమ్మదిగా. "దీనికి కొబ్బరినూనె ఎవరు పోశారు?"

నూకాలమ్మ కొంగు సర్దుకుంది.

"పోయడమేంటి? శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టి రెండు చుక్కలు వేస్తున్నా. ఇనుముకి నూనె పెట్టొద్దా? మీ మామగారు చేలో మోటారుకి పెట్టలేదా? నువ్వేమో ఆ డబ్బాలో కంపు నూనె పోస్తావు. ఇది మన గానుగలో ఆడించింది, సామాను నిండా పెట్టుకుని అంత దూరం నుంచి మోసుకొచ్చింది. నా తలకి కూడా రాసుకోకుండా దీనికి పెట్టాను."

"నిన్న కూడా వేశారా?"

"నిన్న శుక్రవారమేగా. నువ్వు కొత్తది బిగించావని ఇంకో రెండు చుక్కలు ఎక్కువేశాను."

కాత్యాయని భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ప్రభావతి ఆదుర్దాగా లేచి వచ్చింది. కాత్యాయని నవ్వుతోంది. కళ్ళనీళ్ళు కారుతుంటే పట్టలేక నవ్వుతోంది.

"ఆంటీ, ఇది మీ కన్ను కాదు, నా చెయ్యీ కాదు. ఏసీ వేస్తే నూనె గడ్డకడుతోంది. ఏసీ మీకోసం వేస్తున్నాం. పాత కడ్డీ అరిగిపోయి వదులుగా ఉండేది కాబట్టి ఈడ్చుకుంటూ అయినా లేచేది. ఆ రోజు లేవాల్సిన క్షణంలో లేవలేదు, ఆ పదును అంచు జరీని పట్టేసింది. కొత్త కడ్డీ బిగువు. కాబట్టి ఏకంగా ఇరుక్కుపోయింది."

ప్రభావతి ఆ తెల్ల పదార్థాన్ని వేలికి రాసుకుని చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. "అయ్యయ్యో వదినా," అంది నూకాలమ్మ వైపు తిరిగి, "మా అమ్మ చీరకి తలంటు పోసేసినావా ఏంది?"

ముందు నవ్వింది రంగనాథ్, తలుపు వెనక నుంచి. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. నూకాలమ్మ ఒక్కతే నవ్వకుండా నిలబడి, "అయితే దిష్టి కాదన్నమాట. పోన్లే, మంచిదేగా," అని మిరపకాయలు మళ్ళీ డబ్బాలో పోసుకుంది. పోసుకుంటూ ప్రభావతి దగ్గరకు వచ్చి, "మాట తూలాను వదినగారూ, మనసులో పెట్టుకోకండేం," అని గొంతు తగ్గించి అంది. ప్రభావతి ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

పని మొదలైంది. ఏసీ ఆపి కిటికీలు తెరిచారు. కరిగిన నూనె చీరల మీద పడకుండా కాత్యాయని మిషనును పట్టాల చివరకు తోసి కింద పేపర్లు పరిచింది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు తెస్తే, "ఇట్టా ఇయ్యి, నేను పడతా," అని ప్రభావతి అందుకుంది. ఆవిడ కడ్డీకి వేడిగాలి కొడుతుంటే, తెల్ల మైనం మెరిసి, జారి, బొట్లు బొట్లుగా కారింది. ఇల్లంతా మంగలిషాపులా ఘుమఘుమలాడింది. కూతురు మహతి గదిలోంచి తల బయటపెట్టి, "వై సో స్మెల్లీ లా?" అని మళ్ళీ తలుపేసుకుంది.

కాత్యాయని కడ్డీ లాగి శుభ్రంగా తుడిచింది. కంతలో గుడ్డపీలిక తిప్పి తిప్పి తీసింది. మిషను నూనె, ఆ డబ్బాలో కంపు నూనే, ఒక్క చుక్క వేసింది. కడ్డీ దూర్చి, సూదికి సరిచూసి, కార్డు పెట్టి ఎత్తు చూసుకుని బిగించింది. పైకెత్తి వదిలితే ఫుట్ టక్కుమని దిగింది. ఆ టక్కుమన్న చప్పుడుకి వారంగా గుండె మీదున్న బండ దిగినట్టయింది.

"వేస్తున్నా ఆంటీ."

"వెయ్యి."

మిషను కదిలింది. ఫుట్ లేస్తూ దిగుతూ వంగపండు రంగు మీద నడిచింది. అతుకు దగ్గర ఎత్తు వచ్చింది, మూకుడు అంచు దాని మీదకెక్కి దిగింది. జరీ వచ్చింది. కాత్యాయని ఊపిరి బిగబట్టింది. ఫుట్ జరీ మీదుగా, చేపల చెరువులో పడవలా జారిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే కుట్టు ఒక్కటి తప్పలేదు. చేతులు వాటంతటవే తీగలు, ఆకులు గీస్తున్నాయి.

"అట్టనే కుట్టు, అట్టనే కుట్టు," అంటోంది ప్రభావతి, మిషనుతో పాటు పక్కన నడుస్తూ. ఆవిడ మొహం తేటపడింది. నోరు విచ్చుకుంది. "ఇది త్వరగా అయిపోతే బాగుండమ్మాయ్. మా అక్క తారాదేవి నెల్లూరు నుంచి వచ్చుండాది. జురాంగ్ వెస్ట్‌లో కొడుకు అభిరామ్ దగ్గర దిగింది. చీరలు కోసిన సంగతి అక్కకి చెప్పలా. అమ్మ చీరలు ఇద్దరివీ గదా. బొంత అయిపోయినాక చేతిలో పెడితే ఏమీ అనలేదనుకున్నా. ఇందాక ఫోన్ చేసి, ఎక్కడున్నావే అంటే నోరు జారి ఈ అడ్రస్ చెప్పేసినా. వచ్చేస్తానంది."

"ఇక్కడికా?" అంది కాత్యాయని. మిషను బొంత నడిమధ్యకు చేరింది.

బెల్లు మోగింది. మహతి వెళ్ళి తలుపు తీసింది. పొడుగ్గా, తెల్లజుట్టుతో, ఇస్త్రీ నలగని నేతచీరలో ఒకావిడ లోపలికి వచ్చింది. ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు, ప్రభావతి ముక్కే ఆవిడకీ ఉంది. తారాదేవి చూపు మిషను మీద పడి, దాని కింద పరుచుకున్న చీరల ముక్కల మీద ఆగింది.

"అక్కా, నేను చెబ్దామనే..." అంది ప్రభావతి.

తారాదేవి దూలం దగ్గరకు వచ్చి ఒక్కో ముక్క మీదా చెయ్యి వేసింది. "ఇది నా పురుడుకి వచ్చినప్పుడు కట్టింది. ఇది నీ పెళ్ళిలో." గొంతు మెత్తబడింది. "బీరువాలో పెట్టి ఏం చేస్తాం? మంచి పనే చేసినావే ప్రభా."

ప్రభావతి అక్క భుజం మీద తల పెట్టేసింది. నూకాలమ్మ టీకి నీళ్ళు పెట్టడానికి లేచింది.

అప్పుడు తారాదేవి చెయ్యి నడిమధ్యకు వచ్చింది. ముదురు నీలం, సన్న వెండి బుటాలు. కొత్త ఫుట్ కుట్టిన తీగ దాని మీద సగానికి వచ్చి ఆగి ఉంది. ఆవిడ చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది.

"ఇదెక్కడిది?"

"అమ్మ పెట్టెలో అడుగున ఉండింది అక్కా. అన్నిట్లోకీ బాగుందని నేనే నడిమధ్య వెయ్యమన్నా."

"ఎంత కోసినారు?"

ప్రభావతి కాత్యాయని వైపు చూసింది. "మొత్తం కోశామండీ," అంది కాత్యాయని.

తారాదేవి అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయింది. "ప్రభా, నేను అభిరామ్‌ని చూసిపోదామని వచ్చాననుకున్నావా? ఈ చీర కోసం వచ్చినానే. ఇది అమ్మది కాదు. దీన్ని కట్టుకున్న మనిషి ఇంకా బతికే ఉండాది. తన చీర తనకి కావాలంటోంది."